వేళ్ల కొసల విలాపం

ఓరుగల్లు వేళ్లకు ఓపిక ఎక్కువ. పాలంపేటలో నల్లరాతికి నాట్యం నేర్పి, మదనికల మెడలో హారాలు వేసిన వేళ్లు ఈ సీమవే. కొత్తవాడ మగ్గాల మీద దర్రీలలో ఇంద్రధనుస్సులు పరుస్తున్న వేళ్లూ ఈ ఊరివే. ఆ వరసలోనే ఏ శాసనానికీ ఎక్కని వేళ్లు మరికొన్ని ఉన్నాయి. హనుమకొండ చౌరస్తా సందుల్లో, వరంగల్ బజారు గల్లీల్లో, సిరా వాసన వీడని ప్రింటింగ్ ప్రెస్సుల్లో తెలుగును అక్షరమక్షరం కూర్చే డీటీపీ ఆపరేటర్ల వేళ్లు అవి. మాఘమాసం వచ్చిందంటే ఒకవైపు పెండ్లి పత్రికలు. రెండేళ్లకోసారి దానికి తోడు సమ్మక్క సారలమ్మల జాతర పోస్టర్లు. మ్యాటర్ మీద చూపు, తెర మీద ధ్యాస. కీబోర్డు మీద మాత్రం కన్నే పడదు. వట్రసుడి ఏ మీట చాటున దాగిందో, క్రావడి ఏ మూల ముడుచుకుని ఉందో కంటికి తెలియదు, వేలికొసకు తెలుసు. ఏళ్ల తరబడి తపస్సులా సాధించుకున్న ఆ ఎరుకను సాఫ్ట్‌వేర్ కంపెనీలు నవీకరణ పేరిట ఒక్క రాత్రిలో, ఒక్క మాటైనా అడగకుండా చెరిపేస్తున్నాయే, అదీ నా దుఃఖం.

ఆ వేళ్లు మనసిచ్చింది పేజ్‌మేకర్‌కు. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001 నాటి 7.0తో దాని వంశం ఆగిపోయింది. మన ప్రెస్సుల్లో మాత్రం అది ఆగలేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని, శుభలేఖ అంటే ఆ అక్షరాల ఒంపే అన్నంతగా మన కళ్లలో నిలిచిపోయాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లనూ ఒత్తులనూ కూర్చోబెట్టినవి. ఫాంటు తప్పిపోతే చిరంజీవి, సౌభాగ్యవతి కలిసి అర్థంలేని గుర్తుల గుంపులో కలిసిపోతారు. అందుకే పాత సిస్టం మొరాయించిన రోజున ఆపరేటరు గుండె ఝల్లుమంటుంది. కొత్త సిస్టం తెస్తే కొత్త విండోస్. కొత్త విండోస్‌కు పాత పేజ్‌మేకర్‌తో పొత్తు అంత సులువుగా కుదరదు. పోనీ కొత్తదే నేర్చుకుందామా అంటే, 2013లో అడోబీ తన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లను విడిగా అమ్మనని ప్రకటించి చందా బాట పట్టించింది. డబ్బు కడుతున్నన్నాళ్లే పనిముట్టు. కాకతీయుల శిల్పికి తన ఉలి తనదే. ఇవాళ్టి అక్షరశిల్పికి ఆ భాగ్యం లేదు.

ఓ నవీకరణమా! వసంతంలా వస్తావని వాకిట ముగ్గుపెట్టి ఎదురుచూశాం. చిగురు తొడుగుతావనుకున్న చోట కొమ్మనే నరికావు. మా తెర మీద మా ఇష్టమైన రంగును వెలివేశావు, మా మీటల్ని మూలకు తోశావు, మేము మలుచుకున్న వరసల్ని నీ వరసలో కలిపేసుకున్నావు. "తర్వాత గుర్తుచేయి" అనే మాటకు చోటిచ్చిన నీవు, "వద్దు" అనే మాటకు ఎందుకు చోటివ్వలేదు?

విండోస్ 95 కాలం నుంచి టాస్క్‌బార్‌ను పైకో పక్కకో జరుపుకునే వీలుండేది. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11లో ఆ వీలు లేకుండా పోయింది. ఇంత చిన్నదానికి ఇంత శోకమా అంటారేమో. పొడవాటి కరపత్రాన్ని తెర మీద నిలువునా పరుచుకుని రోజంతా దిద్దేవారికి తెర అడుగున ఆ పట్టీ తినేసే జాగా విలువేమిటో తెలుసు.

అంతకన్నా లోతుగా గుచ్చుకున్న ముల్లు మరొకటి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు మన కంప్యూటర్లలోకి ప్రవహించింది. విండోస్ 7తో వాణి వచ్చి దాని సరసన కూర్చుంది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఆ రెండూ అందరికీ అందే ఫాంట్ల వరస నుంచి తప్పుకుని, తెలుగు కావాలని చేర్చుకున్నవారికి మాత్రమే దిగే అనుబంధ ఫాంట్లయ్యాయి. వాటి స్థానంలో ఉన్నది నిర్మల. అక్షరం చక్కనిదే, కాదనను. అయినా గౌతమిలో కొట్టిన ఫైలు, అది లేని మరో సిస్టంలో తెరుచుకున్నప్పుడు పంక్తులు జరిగి, పేజీలు పొర్లి, ఎన్ని నివేదికలు చెదిరిపోయాయో!

తెలుగు పాఠకులు తమ బ్రౌజరును తామే తీర్చిదిద్దుకున్న రోజులు కూడా ఉండేవి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు ఉన్న కాలంలో, నాగార్జున వెన్న తయారుచేసిన పద్మ అనే యాడ్-ఆన్ ఫైర్‌ఫాక్స్‌లో కూర్చుని, ఫాంటు లేనప్పుడు కనిపించే పిచ్చిగీతలను చదువుతూ చదువుతూనే చక్కని యూనికోడ్ తెలుగుగా మార్చేది. కంపెనీ ఇవ్వనిదాన్ని వాడుకరి అమర్చుకోగలిగిన స్వర్ణఘడియ అది. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57, ఆ పాత పద్ధతిలో అల్లిన యాడ్-ఆన్లన్నిటికీ ఒకేసారి తలుపు మూసింది. వేగం కోసం, భద్రత కోసం అన్నారు. కారణం అబద్ధం కాదు. వేలమంది అల్లికలు వాడిపోయిన మాటా అబద్ధం కాదు.

భద్రతను నేను తక్కువ చేయను. అదే ఏడాది మే నెలలో వన్నాక్రై అనే సైబర్ దాడి దేశదేశాలను వణికించినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. సరిచేసుకోని పాత సిస్టం ఎంత ప్రమాదమో అప్పుడు చూశాం. తాళం మార్చాల్సిందే. తాళం మార్చడానికి వచ్చినవారు గుమ్మాన్నే మరో దిక్కుకు తిప్పి వెళ్లడం ఏ న్యాయం? రక్షణనూ రూపాన్నీ ఒకే మూటలో కట్టి, రెండూ తీసుకో, లేదా రెండూ వదులుకో అనడం దగ్గరే అన్యాయమంతా ఉంది.

గుమ్మం తిప్పకుండా ఇల్లు నిలబెట్టడం ఎలాగో ఈ ఊరికి తెలుసు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ముందు కళ్యాణమండపం పునాది కుంగి ఒరిగిపోతుంటే, 2006లో పురావస్తు శాఖ దాన్ని విప్పింది. ప్రతి రాతికీ అంకె వేసింది. అడుగున పునాదిని గట్టిపరిచింది. పాడైనవాటికి బదులు కొత్తవి చెక్కించి, మిగిలిన ప్రతి స్తంభాన్నీ దాని చోటికే చేర్చి, 2024లో భక్తులకు తెరిచింది. అన్నేళ్ల జాప్యం నాకూ బాధ కలిగించింది. అయితే తిరిగి అడుగుపెట్టిన భక్తుడు దారి వెతుక్కోలేదు. పునాది కొత్తది, మండపం మాత్రం తనదే.

సాఫ్ట్‌వేర్ లోకంలోనూ ఈ మర్యాద అసాధ్యమేమీ కాదు. 2011లో గ్నోమ్ 3 అనే కొత్త డెస్క్‌టాప్ వచ్చి లినక్స్ వాడుకరుల పాత అలవాట్లను తుడిచేసినప్పుడు, అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి గ్నోమ్ 2 కోడ్‌ను అందుకుని మాటే పేరుతో బతికించాడు. కోడ్ అందరిదీ కనుక అది సాధ్యమైంది. రాజులకు భాగవతాన్ని అంకితమివ్వనన్నాడని మనం చెప్పుకునే బమ్మెర పోతన పేరుతోనూ ఒక ఫాంటుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు దాన్ని ఉచితంగా పంచారు. పోతన2000 ఫైలు ఒక్కటి మన దగ్గరుంటే చాలు. ఏ కంపెనీ జాబితాలోంచి తీసేసినా, ఎన్ని విండోస్‌లు మారినా, చందా కట్టకుండానే అక్షరం పలుకుతుంది.

కాజీపేట దారిలోని నిట్‌లో చదివి, ఆ కంపెనీల్లోనే కొలువుచేస్తున్న బిడ్డలారా, మీతోనే నా మనవి. భద్రతా సవరణను విడిగా పంపండి, రూపం మార్పును విడిగా అడగండి. పాత దారిని సెట్టింగులలో ఏ మూలనైనా ఉండనివ్వండి. ప్రెస్సుల్లోని అన్నలారా, అక్కలారా, పాత ఫాంట్లనూ ఫైళ్లనూ ఇవాళే మరో డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోండి. వీలైనవాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి. పోయిన సౌకర్యం గురించి కంపెనీకి ఫిర్యాదు రాయండి, తెలుగులోనే రాయండి.