పాటకవి స్వత్వము: చేజారిన హక్కును మరల పొందు మార్గములు

తమ రచన తమదని చెప్పుకొను తీరు తెలుగు పదకర్తలకు చిరకాలమునుండి కలదు. క్షేత్రయ్య పదమున మువ్వగోపాల ముద్ర, త్యాగరాజు కృతియందు త్యాగరాజ నామము భక్తికి గుర్తులగుటయే గాక కర్తృత్వమునకు సాక్ష్యములు కూడ అగుచున్నవి. తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో భద్రపరుపబడుటచేత నేటికిని మనకు దక్కినవి. అయితే ముద్ర పేరును మాత్రమే కాపాడును; రచనవలన కలుగు ఆదాయమును కాపాడజాలదు. పేరు వేఱు, సొత్తు వేఱు. పేరు నిలిచినది గదా యని సొత్తునుగూర్చి ఆలోచింపకపోవుటయే, గ్రామఫోనును చలనచిత్రమును వచ్చిన పిదప పాటకవులకు కలిగిన నష్టమునకు ఒక ముఖ్యకారణము.

యశ్వంతనగర్ ఉన్న బళ్లారి సీమకు తెలుగు పాటతో గల సంబంధము తక్కువది కాదు. ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీ సభను నడపి, తెలుగు నాటకమున పద్యములతోపాటు పాటలకును చోటు కల్పించిరి. వారు 1912లో గతించిరి. మన దేశపు చట్టము ప్రకారము గ్రంథస్వామ్యము, అనగా కాపీరైటు, రచయిత గతించిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు ఉండును. కావున ఆచార్యులవారి పాటలు నేడు ఎల్లవారి సొత్తు. సండూరు తాలూకాలో ఏ ఊరివారు పాడుకొన్నను ఎవరి అనుమతియు అక్కఱలేదు. గడువు ముగియని పాటల సంగతి వేఱు.

అట్టి వానిలో, తెలుగు సమాజములు సభారంభమున పాడుకొను ‘మా తెలుగు తల్లికి’ గీతము ఒకటి. దానిని రచించిన శంకరంబాడి సుందరాచారిగారు 1977లో గతించిరి. కనుక దాని స్వామ్యము 2037 చివరివరకు ఉండును. 1942 నాటి ‘దీనబంధు’ చిత్రముకొఱకు వ్రాసిన ఆ గీతమునకు అందు చోటు దక్కలేదనియు, చిత్తూరు నాగయ్యగారు 116 రూపాయలిచ్చి దానిని తీసికొనిరనియు సాహితీపరులు చెప్పుదురు. టంగుటూరి సూర్యకుమారిగారి గళమున అది రికార్డుగా వెలువడి ఊరూర మ్రోగినది. కవి మాత్రము కడపటి దినములను పేదఱికముతో గడపెను. ఇందు నాగయ్యగారిని తప్పుపట్టుట తగదు. చోటు దక్కని పాటను ఆదరించి నిలిపినవారు వారే. లోపము నాటి ఆచారమునందు కలదు. పొలమునకు ఏటేట కౌలు అడుగు జాతి, పాటకు ఒక్కసారి వెల కట్టి ఊరకుండెను.

1957 నాటి కాపీరైటు చట్టము సాహిత్యమునకును సంగీతమునకును వేఱువేఱుగ స్వామ్యమును గుర్తించినది. అయినను 1977లో, సుందరాచారిగారు గతించిన యేడే, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. రచయితల, స్వరకర్తల సంస్థయగు ఐ.పి.ఆర్.ఎస్.కును చిత్రనిర్మాతల సంఘమునకును నడచిన వ్యాజ్యమది. నిర్మాత ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేఱు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే తొలి స్వామి యని అందు నిర్ణయింపబడెను. తీర్పుతో ఏకీభవించుచునే న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు కళాకారుల దుఃస్థితిని పార్లమెంటు తలపోయవలెనని వేఱుగ వ్రాసిరి. దానికి ఫలము 35 ఏండ్లకు కలిగెను. ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా వాదించిన సవరణ 2012 జూన్ 21న అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట తప్ప తక్కిన వినియోగములన్నిటి రాయల్టీలో సమానభాగము పొందు హక్కును రచయిత తన వారసులకో, స్వామ్య సంఘమునకో తప్ప ఇతరులకు వ్రాసియీయరాదు, వ్రాసియిచ్చినను చెల్లదు. ఎఫ్.ఎం. రేడియో సంస్థలు రచయితలకు రాయల్టీ చెల్లింపవలసినదేయని బొంబాయి హైకోర్టు 2023లో మధ్యంతర ఉత్తర్వు చేసెను.

ఇక చేజారిన స్వామ్యమును మరల పొందు మార్గములు. మొదట దఖలుపత్రమును చదువవలెను. అందు కాలపరిమితి లేకున్న ఐదేండ్లకే దఖలు ముగియును. ప్రదేశము చెప్పకున్న భారతదేశమునకే పరిమితమగును. పొందినవాడు ఏడాదిలోపల హక్కును వినియోగింపకున్న, పత్రమున వేఱుగ చెప్పనిచో, అది మురిగిపోవును. ఈ మూడు నియమములును 1995 మే 10కి ముందు వ్రాసిన పత్రములకు వర్తింపవు. షరతులు మిక్కిలి కఠినమైనను, పొందినవాడు హక్కును తగినంతగా వినియోగింపకున్నను రచయిత వాణిజ్య న్యాయస్థానమునకు పోవచ్చును. రద్దు ఉత్తర్వునకు మాత్రము దఖలు జరిగి ఐదేండ్లు గడువవలెను. ఐ.పి.ఆర్.ఎస్. 2017లో స్వామ్య సంఘముగా మరల నమోదైనది. అందు చేరి పాటల పట్టికను నమోదు చేయించుకొనుట రాయల్టీకి తిన్నని దారి. గతించిన కవుల వారసులకును అందు ప్రవేశము కలదు.

ఇన్ని యున్నను మన చట్టమున ఒక పెద్దకొఱత కలదు. 1914లో మన దేశమునకు వచ్చిన ఆంగ్ల చట్టము, రచయిత బ్రదికియుండగా అమ్మిన స్వామ్యము ఆయన గతించిన 25 ఏండ్లకు వారసులకు తిరిగివచ్చునని చెప్పెను. 1957 చట్టమున ఆ నియమము లేదు. అమెరికాలో 1978 మొదలుకొని రచయిత వ్రాసియిచ్చిన హక్కును, ముందుగా నోటీసు ఇచ్చి, 35 ఏండ్లకు వెనుకకు తీసికొనవచ్చును. కొలువులో భాగముగా వ్రాసిన రచనకు మాత్రము ఇది చెల్లదు. అచ్చట స్థిరపడిన తెలుగు పాటకవులు దీనిని ఎఱిగియుండుట మేలు. మన సవరణ కవికి భాగమును ఇచ్చినదే గాని సొత్తును తిరిగి యీయలేదు. నిర్ణీతకాలమునకు పాట కవికో, ఆతని బిడ్డలకో తిరిగివచ్చు నియమమును పార్లమెంటు చేయుట న్యాయము.

హక్కులు బిగిసినచో పాట మూగవోవునని కొందఱు శంకింతురు. ఆ భయము నిరాధారము. విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మాత్రమే చూచు బడి ప్రదర్శనకును, టిక్కెట్టు లేక ఔత్సాహిక సమాజములు చేయు ప్రదర్శనకును చట్టము మినహాయింపు ఇచ్చుచున్నది. యశ్వంతనగర్ పిల్లలు పాడుటచేత ఏ కవికిని నష్టము లేదు. పాటతో ఆర్జించువారు కవికి పంచకపోవుటచేతనే నష్టము.

స్వామ్యమును అమ్మివేసినను కర్తగా తన పేరు చెప్పుకొను హక్కు, రచనను వికృతపఱచుటను అడ్డగించు హక్కు కవికి మిగులునని చట్టములోని 57వ సెక్షను చెప్పుచున్నది. పూర్వుల ముద్రకు ఇది నేటి రూపము. ముద్ర పాటలోనే చాలదు, పత్రములోను ఉండవలెను. కావున నేటి పాటకవి సంతకమునకు ముందు కాలము, ప్రదేశము, రాయల్టీ అను మూడును పత్రమున చూచుకొనుట విధి. పాట పాడించు ప్రతి సభలో కవి పేరు చెప్పుట సమాజముల విధి.