వలయంలో ఒక కుర్చీ

తప్పు జరిగినప్పుడు ఏ నిబంధనను మీరారు, ఎవరికి ఎంత శిక్ష వేయాలి అని అడగడానికి ముందు, ఎవరికి ఏ గాయమైంది, అది మానడానికి ఏం కావాలి, ఆ బాధ్యత ఎవరు తీసుకోవాలి అని అడిగే పద్ధతిని పునరుద్ధరణ న్యాయం అంటారు. 1974లో కెనడాలోని ఎల్మైరా పట్టణంలో ఆస్తులు ధ్వంసం చేసిన ఇద్దరు యువకులను, వారి వల్ల నష్టపోయిన వారి గడపల దగ్గరికే తీసుకెళ్లిన ఉదంతంతో దీని ఆధునిక చరిత్ర మొదలైందని చెబుతారు. అమెరికాలో వైద్య కళాశాలల సంఘమే ఈ పద్ధతిలో అధ్యాపకులకు శిక్షణ ఇచ్చింది. అయితే వైద్యవిద్యలో దీని అసలు విలువ గాయమైన తరువాత కాదు, అంతకు చాలా ముందే తెలుస్తుంది.

ఈ పద్ధతికి ఆయువుపట్టు వలయం. మధ్యలో బల్ల లేకుండా కుర్చీలు గుండ్రంగా వేసి, ఒక వస్తువును, అది స్టెతస్కోపే కావచ్చు, చేతి నుంచి చేతికి అందిస్తారు. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, మిగిలినవారు జవాబు వెతుక్కోకుండా వినాలి. తన వంతు వచ్చిన విద్యార్థిని ఆ స్టెతస్కోపును కాసేపు ఒళ్లో పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండానే పక్కవారికి అందించవచ్చు. వైవాలో మౌనం అంటే మార్కులు పోవడం. వలయంలో అది హక్కు. ప్రొఫెసర్, పీజీ, హౌస్ సర్జన్, విద్యార్థి అనే వరుసలో ఎవరు ఎవరి వెనుక నిలబడాలో వార్డు రౌండ్స్‌లో నేర్చుకున్నవారికి, ఎవరి వెనుకా నిలబడనక్కరలేని చోటు ఇదొక్కటే కావచ్చు. రోగి మాటను మధ్యలో తుంచకుండా వినే అలవాటు కూడా ఇక్కడే పడుతుంది.

గాయమైన తరువాత ఈ పద్ధతిని వాడిన ఉదాహరణా ఉంది. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయ దంతవైద్య విభాగంలో 2014 చివర, కొందరు విద్యార్థులు ఫేస్‌బుక్ బృందంలో తోటి విద్యార్థినుల గురించి రాసిన నీచమైన రాతలు బయటపడినప్పుడు, బాధితుల్లో పలువురు పునరుద్ధరణ మార్గాన్ని ఎంచుకున్నారు. నెలల తరబడి సాగిన ఆ ప్రక్రియపై 2015 మేలో వచ్చిన నివేదిక, ఆ రాతలు రాసినవారిని మాత్రమే కాక, అలాంటి రాతలకు చోటిచ్చిన విభాగపు వాతావరణాన్ని కూడా పరిశీలించింది. ఆ మార్గం తమకు వద్దన్న విద్యార్థినులూ ఉన్నారు. వారి నిరాకరణ కూడా న్యాయమైనదే, ఎందుకంటే బాధితుల ఇష్టం లేని చోట ఈ పద్ధతికి పునాదే ఉండదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ రచ్చబండ గుర్తుకు రావచ్చు, కానీ పోలిక సగమే కుదురుతుంది. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు తీర్పు చెబుతారు, పరువు పేరుతో బాధితులను సర్దుకుపొమ్మంటారు. వలయంలో తీర్పరి ఉండడు, రాజీ కోసం ఒత్తిడీ ఉండకూడదు. అలాగని తెలుగు రాష్ట్రాల్లో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరమైనదాన్ని వలయంతో సరిపెట్టకూడదు, దానిపై నేరంగానే ఫిర్యాదు చేయాలి. వలయం దానికి ప్రత్యామ్నాయం కాదు, ముసుగు అంతకంటే కాదు.

ఒకరి మాట ఒకరు ఎన్నడూ వినని తరగతిని గాయం తరువాత వలయంలో కూర్చోబెడితే, అది పేరు మారిన విచారణ కమిటీయే అవుతుంది. అందుకే వినే అలవాటు చదువు మొదట్లోనే పడాలి. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్ ఆరంభంలో ఫౌండేషన్ కోర్సు తప్పనిసరి అయింది. దాని టైంటేబుల్ వేసే అధ్యాపకులు అందులో కొన్ని గంటలు వలయానికి కేటాయించి, ఆ కుర్చీల్లో ఒకదానిలో తామూ కూర్చోవాలి.