వెంగమ్మ తీయని బొట్టు

మా ఆయన పోయిన పదో దినం. తెల్లవారకముందే తలకు నీళ్లు పోసి, పీట మీద కూర్చోబెట్టి, నా గాజుల దగ్గరికి వచ్చినారు. "ఆచారం మే, ఒక్క నిమిషం ఓర్చుకో" అనింది మా వీధి పెద్దావిడ. ఆమెకు నామీద ప్రేమే గాని కోపం లేదు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎందుకని అడిగితే ఆ పొద్దు చెప్పలేకపోయినాను. లోపల ఏదో వద్దనింది, అంతే.

ఏడాది తిరిగినాక తరిగొండకు పోయినాను. గుర్రంకొండ దగ్గరి ఆ పల్లెలో 1730లో పుట్టింది వెంగమాంబ. ఆడుకునే వయసులోనే పెళ్లి, ఆ వెనకే వైధవ్యం. తల వెంట్రుకలు తీయనీయలేదు, బొట్టు చెరుపుకోలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అనింది. పుష్పగిరి పీఠాధిపతి ఎదుట కూడా ఆ మాట మీదే నిలబడిందని మా పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు.

దీన్ని వట్టి మొండితనం అనుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర ఉపదేశం తీసుకుంది. తరిగొండ నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనక, ఎవరి కంటా పడకుండా యోగంలో కూర్చునేదట. తిరుమల చేరినాక తుంబురు కోనలో ఏళ్ల తరబడి తపస్సు చేసిందంటారు. వేంకటాచల మాహాత్మ్యం రాసిన చేతితోనే రాజయోగామృతసారం, వాసిష్ఠ రామాయణం రాసింది. పదిమందికి ఎదురు నిలిచిన ఆ గొంతు వెనక ఇంత సాధన ఉంది.

నాకు అంత శక్తి లేదు. దీపం పెట్టి, పెరటి గడప మీద అరగంట కళ్లు మూసుకుని కూర్చుంటాను. మొదట అప్పులు, బిడ్డల చదువులు గుర్తొస్తాయి. తర్వాత భయం వచ్చి చుట్టాల గొంతుతో మాట్లాడుతుంది. దానికి తొందరెక్కువ, ఇప్పుడే తేల్చమంటుంది. అది అలిసిపోయేదాకా కదలకుండా కూర్చుంటే, ఒక్కోనాడు ఇంకో మాట మెల్లగా తెలుస్తుంది. మర్నాడు కూర్చున్నా అదే మాట వస్తే నమ్ముతాను. పదో దినం నన్ను ఆపింది ఆ మాటేనని ఇట్లా కూర్చోబట్టే తెలిసింది.

ఈ దారిలో ఇంకా దూరం పోయినవాళ్లూ ఉన్నారు. అదే మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, తన చుట్టూ కట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసి, గురువే వద్దన్నాడు. నేను అంత దూరం పోలేను. నాకు దీపం కావాల, గోవిందనామం కావాల. వెంగమాంబ కూడా వాటిని వదల్లేదు. తనను చిన్నబుచ్చిన ఆచారాన్నే వదిలింది.

తిరుమలలో ఏకాంతసేవ వేళ తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి. స్వామి పవళించే ముందు పట్టే ఆ ముత్యాల హారతి, ఊరు వితంతువన్న ఆడబిడ్డ పేరున ఈనాటికీ నడుస్తోంది. మీ ఇంట్లో అట్లాంటి పదో దినం వస్తే, గాజుల మీద చెయ్యి వేసేముందు పీట మీద కూర్చున్న ఆమెను ఒక్క మాట అడగండి.