మంచం పక్క పనితనం

పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచాన ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు కూడా లేదంటే, ఆ ఇంట్లో చేయి తిరిగిన పనివాళ్లు ఎవరో ఉన్నారని అర్థం. కర్నూలు, కడప పల్లెల్లో ఆ పనివాళ్లు చాలావరకు భార్యో, తల్లో, కోడలో. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, "ఏం పని సార్, ఇంట్లోనే ఉంటా" అంటారు. ఆ ఇంట్లో జరిగే పని ఎంత నేర్పుతో కూడినదో దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

మొట్టమొదటి పని ఒత్తిగిలబెట్టడం. కదల్లేని మనిషి బరువంతా ఒకేచోట ఆనితే అక్కడి చర్మానికి నెత్తురు అందదు. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిపూట కూడా. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం, ఇవీ ముందు చెడే చోట్లు. మన నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు కాబట్టి చూసుకునే ఆమె కంటికన్నా చేతినే ఎక్కువ నమ్ముతుంది. చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగిలిన చోటును ఆ రోజంతా మంచానికి ఆననివ్వదు. పక్క మార్చేటప్పుడు మనిషిని లాగదు. లాగితే తోలు రాసుకుని లేచిపోతుంది. పాత నూలు చీర మడతలు వేసి వీపు నుంచి తొడల దాకా ముందే పరిచి ఉంచుతుంది. రెండోవైపు పట్టుకోవడానికి పిల్లాడినో పక్కింటామెనో పిలిచి, చీరతో సహా మనిషిని ఎత్తి జరుపుతుంది. నులక మంచం నడుమ కుంగి బరువంతా తుంటి మీదికి తెస్తుంది గనుక నులకను తరచూ బిగిస్తుంది. మోకాళ్ల మధ్య ఒక బొంత, మడమలు గాల్లో ఉండేలా పిక్కల కింద ఇంకో బొంత. చాలా ఇళ్లలో దీన్ని ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. ఆస్పత్రిలో నర్సు చేస్తుంటే చూసింది కొంత, చేతులు నేర్చుకున్నది మిగతా.

తిండి పెట్టడం ఇంకా సున్నితమైన పని. పక్షవాతంతో మింగే శక్తి దెబ్బతిన్నవాళ్లకు నీళ్లలాంటి పల్చటి పదార్థమే ఎక్కువ ప్రమాదం. అది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. రాగి జావ ఎంత చిక్కగా ఉండాలో ఆమె గరిటె నుంచి జారే తీరు చూసి తేలుస్తుంది. మనిషిని ఆనించి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, మూతి బాగున్న వైపు నుంచి చెంచా పెడుతుంది. గుటక పడిందని గొంతు కదలిక చూశాకే రెండో చెంచా. అయ్యాక అరగంట పడుకోనివ్వదు. ఎండ నలభై రెండు దాటే మే నెలలో, బిందె నీళ్లు మోసుకొచ్చుకునే ఊళ్లో, చెమటకూ మూత్రానికీ తడిసిన బట్టలు రోజంతా మారుస్తూ ఆమె ఇదంతా చేస్తుంది. నేను ఏ చేతిపనినైనా ఇష్టంగా చూసే మనిషిని. ఇంత ఓర్పు, ఇంత లెక్క ఉన్న పని ఇంకోటి తేలిగ్గా చెప్పలేను.

దీనికయ్యే ఖర్చు మందుల చీటీలో కనబడదు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు నుంచి పత్తి, మిరప కోతల కాలంలో కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఏడాది అప్పు తీరేది ఆ నెలల్లోనే. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇంకొకరు ఊళ్లోనే ఆగాలి. అంటే పోయేది ఇద్దరి కూలి.

ప్రభుత్వం చేసిన పనిలోనూ మెచ్చుకోదగ్గ పనితనం ఉంది. పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, ప్రమాదం వల్లనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్ల పింఛనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు 10,000. ఒకటో తేదీన గ్రామ సచివాలయ ఉద్యోగి మంచం దగ్గరికే వచ్చి డబ్బు ఇచ్చిపోతారు. ఇల్లు వదిలి కదల్లేని ఆడమనిషికి ఇది ఎంత మేలో బ్యాంకు వరుసలో నిలబడ్డవాళ్లకు తెలుసు. 2025 జనవరిలో అర్హత తనిఖీకి వైద్య బృందాలు కూడా ఈ 15,000 పింఛనుదారుల ఇళ్లకే వెళ్లాయి.

అయినా ఆ డబ్బు మంచం మీది మనిషి పేరిట వస్తుంది. లెక్కేస్తే రోజుకు 500. డైపర్లు, మందులు, ఆటో బాడుగ పోను మిగిలిందే చూసుకునే మనిషి కూలి అనుకోవాలి. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. ఇక్కడ అదే ఉపాధి హామీ గురించి ఒక మాట చెప్పాలి. మన సీమలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైన ఆ పథకం చట్టంలో, పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో వస్తే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. గుంత తవ్విన చేతికీ బిడ్డను పట్టుకున్న చేతికీ ఒకే రేటు. చూసుకోవడం కూడా కూలి పనేనని మన చట్టం ఒకసారి ఒప్పుకుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులతో సహా కుటుంబంలో చూసుకునేవాళ్లు ఎవరైనా సంరక్షకులేనని రెండో సెక్షన్‌లో చెప్పింది. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం కూడా ఉండాలని 24వ సెక్షన్‌లో చేర్చింది. రెండు చోట్లా క్లుప్తంగా రాసిన మాటలు. కేరళ అంతకుముందే ఆశ్వాసకిరణం పేరుతో చూసుకునే మనిషికే నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది; తర్వాత అది నెలకు 600 రూపాయలైంది. మొత్తం చిన్నదే, కానీ అది ఎవరి పనికి ఇస్తున్నారో అందులో స్పష్టంగా ఉంది.

బ్రిటన్‌లో ఇలాంటి భత్యం 1976లోనే వచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. వాళ్లు ఎటూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది వాదన. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకుని ఈ నిబంధన మీద కోర్టుకెక్కింది. 1986లో యూరోపియన్ కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. "ఇంట్లోనే ఉంటా" అని మన పల్లెల్లో ఆడవాళ్లు తమ గురించి తామే చెప్పుకునే మాట, అక్కడ ప్రభుత్వం నోట వచ్చి కోర్టులో ఓడిపోయింది.

మన దగ్గర ఇలాంటి భత్యానికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఇంటి దారి, మంచం చోటు సచివాలయానికి ఇప్పటికే తెలుసు. పింఛను పుస్తకంలో రోగి పేరు కింద సంరక్షకురాలి పేరు, ఆమె ఖాతా చేర్చి, కనీసం ఉపాధి కూలితో లెక్కగట్టిన మొత్తం విడిగా ఇవ్వవచ్చు. ఇంకో సంగతి కూడా ముందే రాసుకోవాలి. మంచం మీది మనిషి పోతే పింఛను ఆగుతుంది. బ్రిటన్‌లో ఆ తర్వాత కూడా ఎనిమిది వారాల దాకా భత్యం ఇస్తారు. వృద్ధాప్య పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు మరుసటి నెల నుంచే పింఛను మొదలయ్యే ఏర్పాటు మన రాష్ట్రంలోనూ ఉంది. కొడుకును పదేళ్లు చూసుకున్న తల్లికి, అత్తను చూసుకున్న కోడలికి అలాంటిది రాయాలి. నడుము విరిగిన ఒంటితో ఆమె మళ్లీ సుగ్గికి పోగలదో లేదో తేల్చుకునేందుకు కనీసం రెండు నెలల కూలి చేతిలో ఉండాలి.