గూడబాతుల ఊరు తేలినీలాపురం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో, నౌపడ ఉప్పు మడులకు దగ్గరగా, సముద్రపు గాలి సోకేంత దూరంలో ఉన్న చిన్న ఊరు తేలినీలాపురం. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండు జాతుల పెద్ద నీటిపక్షులు ఈ ఊరి చింతచెట్ల మీదికి చేరి, గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను ఎగరగలిగే దాకా పెంచి, మార్చి, ఏప్రిల్ నాటికి తరలిపోతాయి. వాటిలో ఒకటి పెలికాన్ అని అందరికీ తెలిసిన గూడబాతు, రెండవది పెయింటెడ్ స్టార్క్ అని పత్రికలు రాసే ఎర్రకాళ్ల కొంగ. పక్షులు గూడు కట్టుకోవడానికి మనుషులకు దూరంగా అడవినో, నీటి నడుమ దీవినో వెతుక్కుంటాయన్నది సాధారణంగా ఉన్న అభిప్రాయం. ఇక్కడ మాత్రం పెంకుటింటి కప్పు మీదుగా సాగిన కొమ్మపై తల్లిపక్షి గుడ్లు పొదుగుతుంటే కింద వాకిట్లో మనుషుల పనులు యథావిధిగా సాగుతుంటాయి. అందువల్ల తేలినీలాపురంలో పక్షులను చూడడమంటే, పక్షులతో కలిసి బతకడం నేర్చుకున్న ఊరిని కూడా చూడడమే.

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దాలి. ఈ ఊరికి 'విదేశీ పక్షుల విడిది కేంద్రం' అన్న పేరు స్థిరపడింది. ఈ పక్షులు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయన్న కథ వార్తల్లో ఏటా కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ గూడు కట్టే చుక్కల ముక్కు గూడబాతు దక్షిణ, ఆగ్నేయాసియా పక్షి. భారతదేశం, శ్రీలంక, కంబోడియాలే ఈనాడు దాని ప్రధాన సంతానోత్పత్తి స్థావరాలు. ఎర్రకాళ్ల కొంగ కూడా మన ఉపఖండపు మైదానాల పక్షే. సైబీరియా, మధ్యాసియా ప్రాంతాల నుంచి శీతకాలంలో మన తీరానికి వచ్చే పక్షులు లేకపోలేదు కానీ, ఆ బాతులూ ఉల్లంకిపిట్టలూ ఇక్కడ తిని, చలికాలం గడిపి వెళతాయే తప్ప గూడు కట్టవు. వలస పక్షికీ, గూడు కట్టే పక్షికీ ఉన్న ఈ తేడా చిన్నదిగా కనిపించినా, బాధ్యత విషయంలో చాలా పెద్దది. అతిథి ఒక ఏడు రాకపోతే మరోచోటికి వెళ్లిందనుకోవచ్చు. పుట్టి పెరిగిన చోటనే నిలువ నీడ లేని పక్షికి వెళ్లడానికి మరోచోటు ఉండదు.

గూడబాతు అన్న పేరులోనే దాని జీవనవిధానం ఉంది. మోటారు పంపులు రాకముందు రైతులు చెరువు నుంచీ కాలువ నుంచీ మడికి నీరెత్తడానికి, ఇద్దరు ఎదురెదురుగా నిలిచి తాళ్లు పట్టి ఊపే బుట్టను గూడ అంటారు. ఈ పక్షి కింది ముక్కుకు వేలాడే చర్మపు సంచిని చూసినవారికి ఆ బుట్ట గుర్తుకు రాక మానదు, పనితీరు కూడా దాదాపు అదే: ముక్కు నీటిలో ముంచగానే కింది ముక్కు ఎముకలు విల్లులా బయటికి వంగి సంచి తెరుచుకుంటుంది, చేపతో పాటు నీరంతా లోపలికి వస్తుంది, తరువాత పక్షి ముక్కును రొమ్ముకు ఆనించి నీటిని వార్చి, తల పైకెత్తి చేపను మింగుతుంది. సంచిలో చేపలు దాచి పిల్లలకు తెస్తుందన్న నమ్మకం సరికాదు. అది వల మాత్రమే. మేత గొంతులో, కడుపులో చేరి గూటికి వస్తుంది. గూటి దగ్గర పిల్ల తన తలనూ మెడనూ తల్లి గొంతులోకి దాదాపు పూర్తిగా దూర్చి, సగం అరిగిన చేపను అందుకుంటుంది. మొదటిసారి చూసేవారికి తల్లి పిల్లను మింగుతోందేమో అనిపించేంత గట్టి పెనుగులాట అది. ఎండ ముదిరినప్పుడు ఇదే సంచి మరో పనికి వస్తుంది. పక్షి నోరు కొద్దిగా తెరిచి గొంతు చర్మాన్ని వేగంగా అదిలిస్తూ ఒంటి వేడిని బయటికి పంపుతుంది.

ఎర్రకాళ్ల కొంగది మరో పద్ధతి. కాళ్లు మునిగే లోతు నీటిలో నిలిచి, ముక్కును సగం తెరిచి నీటిలో ఉంచి, అటూ ఇటూ ఆడిస్తూ, ఒక కాలితో బురదను కదిలిస్తూ నడుస్తుంది. కదిలిన చేప ముక్కుకు తగిలిన మరుక్షణం ముక్కు మూసుకుంటుంది. కంటితో వెతికే వేట కాదు కనుక మడ్డినీటిలోనూ సాగుతుంది. అయితే నీరు లోతు తక్కువగా, చేప దట్టంగా ఉంటేనే ఫలిస్తుంది. ఈ షరతును గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ఈ ఊరి పక్షుల భవితవ్యం చాలావరకు దానితోనే ముడిపడి ఉంది.

పక్షి పరిశీలన అనేది ఖరీదైన పరికరాల విద్య కాదు, వేళనూ దూరాన్నీ తెలిసి మసలుకునే విద్య. తేలినీలాపురం వంటి చోట గూళ్లు దగ్గరగా ఉంటాయి కనుక 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. ఇందులో మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, రెండవది ముందున్న కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెరుగుతుంది కాబట్టి పెద్ద అంకె అన్నివేళలా మేలు కాదు. ఉదయం సూర్యుడు వీపు వెనుక ఉండేలా నిలబడితే రంగులు తేటగా కనిపిస్తాయి: గూడబాతు పైముక్కు అంచు వెంట వరుసగా ఉన్న నీలి చుక్కలు, సంచి మీది మచ్చలు, కొంగ రొమ్ముకు అడ్డంగా ఉన్న నల్లని పట్టీ, తోక దగ్గరి గులాబీ ఈకలు. పక్షులు మేతకు బయలుదేరే వేళను కూడా గమనించాలి. బరువైన గూడబాతు రెక్కలు కొట్టుకుంటూ దూరం పోవడం కన్నా, ఎండ కాసి నేల వేడెక్కాక పైకి లేచే గాలి సుడులను ఆసరా చేసుకుని చుట్లు చుట్లుగా ఎత్తుకెక్కి, అక్కడి నుంచి రెక్క కదపకుండా జారుతూ వెళ్లడానికే ఇష్టపడుతుంది. కాబట్టి తెల్లవారినప్పుడు గూళ్ల దగ్గరా, పొద్దెక్కాక ఆకాశం వైపూ చూడడం తెలిసినవారి పద్ధతి.

లెక్కించడంలోనూ ఒక మెలకువ ఉంది. పెద్ద పక్షులు వస్తూ పోతూ ఉంటాయి కనుక వాటిని లెక్కిస్తే ఉదయానికీ సాయంత్రానికీ సంఖ్య మారిపోతుంది. అందుకు బదులు చెట్టు చెట్టుకూ పక్షి కూర్చుని ఉన్న గూళ్లను లెక్కిస్తే ఒక్కో గూటికి ఒక జంట చొప్పున నికరమైన అంచనా వస్తుంది. గూటిలో ఏ దశ నడుస్తోందో కూడా రాసుకోవాలి. గూడబాతు మూడు, నాలుగు గుడ్లు పెట్టి సుమారు నెల రోజులు పొదుగుతుంది. పుట్టినప్పుడు ఈకలు లేని పిల్లకు కొద్ది రోజుల్లో తెల్లని నూగు మొలుస్తుంది, ఎగరడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. పెద్ద పక్షులు దాదాపు మౌనంగా ఉంటే పిల్లలు మాత్రం రోజంతా అరుస్తూనే ఉంటాయి కనుక, చెవి తెలిసినవారు ఊరి పొలిమేరలోనే గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయో లేదో చెప్పగలరు. మధ్యాహ్నం వేళ కొంగ రెక్కలు సగం విప్పి పిల్లలకు గొడుగులా నిలబడుతుంది. ఆ సమయంలో చెట్టు కిందికి గుంపుగా వెళ్లి, చప్పుడు చేసి పక్షిని లేపితే ఆ నీడ తొలగి పిల్లలు ఎండకు మాడతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి. మంచి ఫోటో కోసం పక్షిని ఎగరగొట్టడం పక్షి పరిశీలన కాదు, దానికి ఏ సమర్థనా లేదు.

ఊరివారు ఈ విద్యను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. పక్షుల రాక ఊరికి మేలని నమ్మారు, వాటిని కొట్టరాదని కట్టుబడ్డారు. ఆ కట్టుబాటు తేలికైనదని అనుకోకూడదు. వందల పక్షులు నెలల తరబడి ఇంటి మీది కొమ్మల్లో కాపురముంటే రెట్ట వాకిలి నిండా పడుతుంది, జారిపడిన చేపలు కుళ్లి వాసన వేస్తాయి, రెట్టలోని లవణాలకు ఆకులు మాడి ఫలసాయమిచ్చే చెట్టు చిక్కిపోతుంది. చింతపండు ధర తెలిసిన ఊరు ఆ చెట్టును పక్షికి వదిలిందంటే, లెక్క కట్టని పన్నును ఏటా చెల్లిస్తున్నట్టే. ఈ సంప్రదాయం తేలినీలాపురానికి మాత్రమే పరిమితం కాదు. అదే జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలను ఊరు కాపాడుతోంది. తమిళనాట వేడంతాంగల్ రైతులు తమ చెరువులోని పక్షులను కాల్చకుండా 1798 నాటికే కలెక్టరు నుంచి ఉత్తర్వు పొందారు. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువు నీరు తమ మడులకు ఎరువని వారికి అనుభవంతో తెలుసు. శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టి గ్రామస్థులు పక్షులు బెదరకుండా దీపావళికి టపాకాయలు కాల్చడం మానుకున్నారు.

కాపాడేవారు లేని, లేదా కాపాడినా మేత కరవైన స్థావరాల చరిత్ర కూడా తెలుగు నేల మీదే ఉంది. 1902లో కడప జిల్లా బూచుపల్లెలో గుర్తించిన గూడబాతుల స్థావరం తరువాత ఎవరికీ కనిపించలేదు. పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర, కొల్లేరును ఆనుకుని ఉన్న స్థావరాన్ని 1946లో గుర్తించినవారు కె.కె. నీలకంఠన్; ఇందుచూడన్ అన్న కలం పేరుతో మలయాళంలో కేరళ పక్షుల గురించి రాసిన రచయిత ఆయనే. ఒకప్పుడు ఈ జాతికి అతిపెద్దదిగా పేరొందిన ఆ స్థావరం, కొల్లేరు పరిసరాలు చెదిరిపోవడంతో 1970ల నాటికి అంతరించింది.

చెట్టును ఊరు కాపాడగలదు. మేతను మాత్రం ఊరొక్కటే కాపాడలేదు. తేలినీలాపురం పక్షుల మేతపట్టు చుట్టుపక్కల చెరువులూ, తీరం వెంట విస్తరించిన తంపర భూములూ. తంపర అంటే వానకాలంలో నిండి, చలికాలంలో నెమ్మదిగా తగ్గే పల్లపు చిత్తడి నేల. ఎగువ నుంచి వచ్చే మంచినీరూ, సముద్రపు పాయల ఉప్పునీరూ కలిసే చోటు కనుక చేపా రొయ్యా సమృద్ధిగా పెరుగుతాయి. ఇలాంటి నేలనే సోంపేట వైపు బీల అంటారు. నీరు తగ్గేకొద్దీ చేపలు గుంటల్లో గుమిగూడడం, సరిగ్గా అదే సమయానికి గూళ్లలో పిల్లలు పెరిగి ఆకలి పెరగడం కాకతాళీయం కాదు. పక్షి గూడుకట్టే కాలం ఆ నీటి లెక్కతోనే కుదిరింది. ఈ నేలలకు 'పనికిరాని భూమి' అన్న పేరు పెట్టి థర్మల్ విద్యుత్ కేంద్రాలకు కేటాయించినప్పుడు, వాటి మీద ఆధారపడిన రైతులూ మత్స్యకారులూ ఎదురుతిరిగారు. 2010 జులైలో సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి ప్రాంతంలోనూ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమాలు మనుషుల బతుకు కోసం జరిగినవే అయినా, పక్షుల మేత కూడా వాటిలో ఇమిడి ఉంది.

మేత మారితే ఏమవుతుందో ఊరు కళ్లారా చూసింది. 2021 చివరలోనూ, 2022 మొదట్లోనూ తేలినీలాపురంలో గూడబాతులు పెద్దసంఖ్యలో చెట్ల మీద నుంచి రాలిపడి చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరే నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనూ అంతకు కొన్నేళ్ల ముందు ఇదే విధంగా జరిగింది. పక్షి దిగే చెరువుల నీటినీ చేపనూ క్రమం తప్పకుండా పరీక్షించే ఏర్పాటు లేకుండా, ఊళ్లో కావలి మాత్రమే పెడితే ఇలాంటి మరణాలను ఆపలేం. మేతకే కాదు, చెట్లకూ ముప్పు ఉంది: తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఇదే తీరాన్ని తాకి ఉద్దానం ప్రాంతంలో తోటలను నేలమట్టం చేసింది. ముదురు చెట్లు కూలితే వాటి స్థానంలోకి వచ్చే మొక్కలు గూటి బరువు మోయడానికి దశాబ్దాలు పడుతుంది కనుక, నాటడం ఇప్పుడే మొదలు కావాలి.

తేలినీలాపురం వెళ్లేవారు ఒక ఉదయాన్ని చెట్ల కింద నిశ్శబ్దంగా గడిపిన తరువాత, పొద్దెక్కాక పక్షులు ఎటు పోతున్నాయో చూసి తంపర గట్టు దాకా కూడా వెళ్లి రావాలి. బోర్డుల మీదా వార్తల్లోనూ 'విదేశీ పక్షులు' అన్న మాట తీసివేసి, 'గూడబాతులు' అని వాటి సొంత పేరుతో రాయాలి.