గుమ్మం దగ్గర ఒక అధ్యయనం, మంచం దగ్గర ఒక అధ్యయనం

కొవిడ్ ఊపిరితిత్తులతోనే ఆగదని, మనిషి తెలివినీ కలచివేస్తుందని లెక్కలతో చూపిన రెండు అధ్యయనాలను కలిపి చదవాలి. మొదటిది మౌరా కెనెడీ బృందానిది, 2020 నవంబరులో ‘జామా నెట్‌వర్క్ ఓపెన్’లో వచ్చింది. రెండోది అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన బ్రెండా పన్, ప్రతీక్ పండరీపాండే తదితరులది, 2021 జనవరిలో ‘లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్’ ప్రచురించింది. రెండింటి విషయమూ డెలీరియమే. ఇది వస్తే గంటల్లోనో రోజుల్లోనో ధ్యాస చెదిరిపోతుంది. ఎక్కడున్నదీ తెలియదు, లేనివి కనిపిస్తాయి. కొందరైతే ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతారు.

కెనెడీ బృందం అత్యవసర విభాగం గుమ్మం దగ్గర నిలబడి చూసింది. అమెరికాలోని 7 ఆసుపత్రులకు వచ్చిన, 65 ఏళ్లు, ఆపైబడిన 817 మంది కొవిడ్ రోగుల్లో 226 మందికి (28 శాతం) వచ్చేసరికే డెలీరియం ఉంది. వారిలో 84 మందికి జ్వరం, ఆయాసం వంటి మామూలు లక్షణాలే లేవు. దగ్గూ జ్వరమూ ఉన్నాయా అని మాత్రమే అడిగితే వీళ్లు మన చూపు తప్పించుకుపోతారు. ఈ అధ్యయనం చేసిన గొప్ప మేలు ఈ హెచ్చరికే.

పన్ బృందం ఐసీయూ మంచం దగ్గర చూసింది. 14 దేశాలు, 69 ఐసీయూలు, 2,088 మంది రోగులు. 54.9 శాతం మందికి డెలీరియం వచ్చింది. అయితే జబ్బు చేసిన కీడుతోపాటు వైద్యం తీరు కలిపిన కీడునూ ఈ బృందం వెతికింది. అందుకే నాకు ఇది మరింత ధైర్యమైన పని అనిపిస్తుంది. బెంజోడయాజెపైన్ మత్తుమందులు ఎక్కించినవారికి డెలీరియం ముప్పు 59 శాతం ఎక్కువగా కనిపించింది. అయినవాళ్లు స్వయంగానో వీడియోలోనో పలకరించినవారికి 27 శాతం తక్కువగా కనిపించింది.

మొదటి అధ్యయనంలోని 28 శాతాన్ని రెండోదానిలోని 55 శాతంతో పోల్చి, ఏది ఎక్కువని తేల్చడం సరికాదు. రోగుల వయసూ, జబ్బు తీవ్రతా వేరు. రెండూ ఆసుపత్రి రికార్డుల మీదే ఆధారపడ్డాయి, కానీ ఐసీయూ రికార్డుల్లో డెలీరియానికి నిర్ణీత పరీక్షల ఫలితాలున్నాయి. అత్యవసర విభాగంలో ఎవరో గమనించి రాస్తేనే లెక్కకు వచ్చింది. నోరు మెదపని ముసలాయన ఆ లెక్కలో చేరకపోయి ఉండవచ్చు. పన్ అధ్యయనానికీ ఒక హద్దుంది. పలకరింపు వల్లే డెలీరియం తగ్గిందని అది రుజువు చేయదు. కాస్త నిలకడగా ఉన్నవారి దగ్గరికే బంధువులను ఎక్కువగా రానిచ్చి ఉండవచ్చు.

ఇన్ని తేడాలున్నా రెండూ ఒకే లోటును ఎత్తిచూపుతున్నాయి. డెలీరియం అంటే నిన్నటి మనిషికీ ఇవాళ్టి మనిషికీ వచ్చిన తేడా. నిన్నటి మనిషి డాక్టరుకు తెలియదు, ఇంట్లోవాళ్లకే తెలుసు. మన ఆసుపత్రుల్లోనూ ఆ రోజుల్లో కొవిడ్ వార్డుల తలుపులు అయినవాళ్లకు మూసుకున్నాయి. అంటువ్యాధికి భయపడటంలో న్యాయముంది. కానీ ఆ కట్టడికి రోగి చెల్లించిన మూల్యం లెక్కలోకి రాలేదు.

కెనెడీ మనకు నేర్పేది చేర్చుకునేటప్పుడే అడగవలసిన ప్రశ్న: ‘మనిషి తీరు మారిందా?’ పన్ నేర్పేది ఆ తర్వాతి పని: మత్తు తగ్గించండి, అయినవాళ్లను దగ్గరికి రానివ్వండి. మళ్లీ ఇలాంటి వైరస్ వచ్చేలోగా, రక్షణ దుస్తులతో ఒక బంధువును లోపలికి పంపే ఏర్పాటు ప్రతి ఆసుపత్రి నిబంధనల్లోనూ చేరాలి.