పక్కవీధికి టికెట్టు

2001 ఫిబ్రవరి 8న అమెరికాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ పాత పార్కింగ్ స్థలంలో డిస్నీ సంస్థ రెండో పార్కు తెరిచింది. పేరు కాలిఫోర్నియా అడ్వెంచర్. ఇతివృత్తం ఏ దూరదేశమో, కథాలోకమో కాదు, ఆ పార్కున్న రాష్ట్రమే. గోల్డెన్ గేట్ వంతెన నమూనా, హాలీవుడ్ వీధి, సముద్రపు ఒడ్డు తిరనాళ్లను తలపించే జెయింట్ వీల్, రోలర్ కోస్టర్, చిన్న ద్రాక్షతోట, రొట్టెలూ టోర్టియాలూ తయారవుతుంటే నిలబడి చూసే గదులు. గేటు బయటికొచ్చి కారెక్కితే అసలు సముద్రం ఎంతో దూరం లేదు, అసలు హాలీవుడ్ కూడా అంతే. పక్కనే డిస్నీలాండ్‌కు ఏడాదికి కోటి మందికి పైగా వస్తుంటే, దీనికి తొలి ఏడాది వచ్చింది దాదాపు 50 లక్షల మంది. ఊరి మీద ఊళ్లోనే పార్కు కట్టకూడదనే వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మన సామెత కూడా అటే మొగ్గుతుంది. అయినా ఆ తీర్పులో తొందరపాటు ఉందంటాను.

ఎందుకంటే అక్కడికి పన్నెండు కిలోమీటర్ల లోపే, బ్యూనా పార్క్‌లో, అదే జనానికి అదే ప్రాంతాన్ని చూపించి నెగ్గినవాడున్నాడు. వాల్టర్ నాట్ బెర్రీపళ్ల రైతు. 1934లో ఆయన భార్య కార్డీలియా మొదలుపెట్టిన కోడికూర భోజనానికి జనం బారులు తీరారు. ఆ ఎదురుచూపులో వాళ్లకు కాస్త కాలక్షేపంగా ఉంటుందని 1940లో ఆయన 'గోస్ట్ టౌన్' కట్టడం మొదలెట్టాడు. గనుల కాలపు ఊరది. పాడుబడ్డ చోట్ల నుంచి పాత కట్టడాలను మోయించుకొచ్చి మరీ నిలబెట్టాడు. తన పూర్వీకులు గూడుబండ్లలో ఎడారి దాటి వచ్చిన కథ అందులో ఉంది. (కూర కోసం వచ్చినవాళ్లకు చరిత్ర కొసరుగా దొరికిందన్నమాట.) రెండింటిలోనూ ఇతివృత్తం దగ్గరిదే. తేడా ఎక్కడంటే, నాట్ చూపింది కారెక్కి వెళ్లలేని కాలిఫోర్నియా. డిస్నీ చూపిన దాంట్లో ఎక్కువ భాగం పెట్రోలు పోయించుకుంటే చాలు, కనపడేదే.

తప్పు ఇతివృత్తానిది కాదు, పిసినారితనానిది అనేవాళ్లున్నారు. నిజమే, ఆ సముద్రపు ఒడ్డు భాగంలో ఏ తిరనాళ్లలోనైనా కనిపించే ఆటలే ఎక్కువ. 2007లో 110 కోట్ల డాలర్ల మరమ్మతు ప్రకటించి, 2012 జూన్‌కు పూర్తిచేశాక జనం వెల్లువెత్తారు. కానీ ఆ డబ్బు ఎటు పోయిందో చూడాలి. ముఖద్వారంలో కాలిఫోర్నియాను చెరిపేయలేదు, కాలంలో వెనక్కి జరిపారు. వాల్ట్ డిస్నీ 1923లో దిగిన నాటి లాస్ ఏంజెలెస్‌ను బ్యూనా విస్టా వీధిగా కట్టారు. అక్కడ అప్పట్లో తిరిగిన ఎర్ర ట్రాలీ ఒకప్పుడు ఆ ప్రాంతమంతా నడిచి, ఆనక పట్టాలతో సహా మాయమైన రైళ్లకు గుర్తు. జనాన్ని లాగింది మాత్రం అదే మరమ్మతులో, సినిమాలోంచి వచ్చిన కార్స్ ల్యాండే కదా అంటే, కాదనను. అది గట్టి ఎదురుసాక్ష్యమే. అయితే దాన్నిబట్టి తేలేది, ఎక్కడిదైనా కథ బాగుంటే చాలునని. దగ్గరిది పనికిరాదని కాదు. పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్ల కోసమైనా ప్రాంతాన్ని చూపాలి కదా అనే వాదం నాకు బొత్తిగా ఆనదు. అంత దూరం వచ్చినవాళ్లకు నకలెందుకు? మన హైదరాబాద్ శిల్పారామంలో పల్లె ఇళ్లు, కుమ్మరి సారె నిలబడటానికి కారణం కూడా అవి తెలంగాణవో ఆంధ్రవో కావడం కాదు. మాదాపూర్ అద్దాల మేడల మధ్య అవి ఇప్పుడు కనపడకపోవడం.

మొదటి రోజు నుంచే కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో ఒక్కటి జనానికి నచ్చింది: సోరిన్ ఓవర్ కాలిఫోర్నియా. కూర్చున్న కుర్చీలు గాల్లోకి లేచి, పెద్ద గుమ్మటం తెర ముందు వేలాడతాయి. కింద రాష్ట్రం పరుచుకుంటుంది. నారింజ తోటల మీదుగా వెళ్లేటప్పుడు ముక్కుకు నారింజ వాసన తగులుతుంది. 1955లో డిస్నీలాండ్ లేచింది సరిగ్గా అలాంటి తోటలను కొట్టేసిన 160 ఎకరాల్లోనే. 2016లో సోరిన్‌ను ప్రపంచయాత్రగా మార్చారు. ఆ తర్వాత కూడా కొన్ని సీజన్లలో పాత కాలిఫోర్నియా చిత్రాన్నే మళ్లీ వేస్తూ వచ్చారు, నారింజ వాసనతో సహా.